అడక్కుండా పట్టుకెళ్ళండి

మా ఆయనతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఎక్కడైనా నలుగురు మనుషులు కనపడితే చాలు, సంఘం పెట్టేస్తారు. మేము మండపేటలో ఈ కాలనీకి వచ్చిన కొత్తల్లో పొద్దున్నే నడిచేవాళ్ళు కొందరుండేవారు. ఈయన వెళ్ళి కలిశాక అది నడక సంఘమైంది. అధ్యక్షుడొచ్చాడు, కార్యదర్శి వచ్చాడు, నడిచేవాళ్ళు మాత్రం తగ్గిపోయారు. ఆ తర్వాత కుళాయి నీళ్ళకో సంఘం, కోతుల బెడదకో సంఘం. కోతులు నిజంగానే వెళ్ళిపోయాయి. సభ్యత్వం తీసుకోమంటారని భయపడి ఉంటాయి.

ఆయన పేరు సురేష్‌బాబు. బి.కాం. చదివి రైస్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ చూసుకుంటారు. నేను రాజమండ్రిలో బి.ఎస్సీ. కంప్యూటర్స్ చదివి కూర చూసుకుంటాను. మా ఇంట్లో పనుల పంపకం అలా జరిగిపోయింది. దానికి మాత్రం ఏ సంఘమూ కూర్చుని తీర్మానం చెయ్యలేదు.

రెండో పంట దాళ్వా ధాన్యం ఆడేసి మిల్లు కాస్త నెమ్మదించిన రోజుల్లో ఒక సాయంత్రం ఆయన చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వచ్చేశారు.

"దుర్గా, మన కాలనీలో మొక్కలవాళ్ళందరికీ ఒక వెబ్‌సైట్ కడుతున్నాను."

"చెప్పులు."

ఆయన బయటికెళ్ళి చెప్పులు విప్పి మళ్ళీ వచ్చి అక్కణ్ణుంచే అందుకున్నారు. పదిమందీ కలిసి వాడుకునే వెబ్‌సైట్ కట్టుకోడానికి కావలసిన సామానంతా ఎవరో మూటగట్టి నెట్‌లో పెట్టారట. సభ్యుల పేజీలు, ఫొటోల గది, కబుర్లు చెప్పుకోడానికి అరుగు, ఎవరిల్లెక్కడో చూపించే మ్యాపు, అన్నీ విడివిడిగా ఉంటాయట. మనకి కావలసినవి తీసి బిగించుకోవడమేనట.

"ఎంతవుతుందటండీ?"

"ఊరికే! ఓపెన్ సోర్స్ అంటారు. ప్రపంచంలో ఎవరెవరో తలో చెయ్యీ వేసి రాశారు. ఎవరైనా తీసుకోవచ్చు, తమకి తగ్గట్టు మార్చుకోవచ్చు. అంత గొప్ప విషయం!"

"మా కాలేజీలో చెప్పార్లెండి," అన్నాను. ఆయన వినిపించుకోలేదు. మనసులో అప్పటికే రిబ్బను కత్తిరిస్తున్నారు.

నిజం చెప్పాలంటే ఆయన కష్టపడ్డారు. రాత్రి భోజనాలయ్యాక కూర్చునేవారు, ఆదివారాలు కూర్చునేవారు. ఇన్నాళ్ళూ పెట్టిన సంఘాలన్నిటికీ ఎవరో ఒక పెద్దమనిషి అధ్యక్షుడు, ఈయన కుర్చీలు వేసేవాడు. ఇదొక్కటే తన చేత్తో కడుతున్నది. "మన మొక్కలు" అని పేరు పెట్టారు. ఏ ఇంట్లో ఏ మొక్క ఉందో ఫొటో పెడితే మ్యాపులో ఆ ఇంటి మీద చిన్న ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. ఇదంతా మూటలో వచ్చిందే. ఆయన సొంతంగా రాసింది మాత్రం ఒకటుంది. దాని పేరు అభ్యర్థన పత్రం.

మీకు ఎదురింటావిడ మందారం కొమ్మ కావాలనుకోండి. మీ పేరు, ఇంటి నంబరు, ఏ మొక్క, ఎందుకు కావాలి, ఇవన్నీ నింపి "అభ్యర్థించు" అనే బటన్ నొక్కాలి. ఆవిడ సరేనంటే మీరిద్దరూ ఒక సమయం అనుకోవాలి. కొమ్మ చేతికందగానే ఆవిడకి దానంతటదే ఒక మెసేజ్ వెళ్తుంది, "మీ ఔదార్యానికి హృదయపూర్వక ధన్యవాదాలు" అని. ఆ చివరిదాన్ని నాకు చూపించేటప్పుడు ఆయన మొహం చూడాలి. పిల్లాడు మొదటిసారి సైకిల్ మీద చేతులు వదిలేసినట్టుంది.

"ఏవండీ, ఆ ధన్యవాదాలు తీసేయండి," అన్నాను.

"ఏం? మర్యాద కాదా?"

"మొక్క చచ్చిపోతుందండి."

మా వైపు ఆడవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు గానీ, తెలీనివాళ్ళ కోసం చెప్తాను. అడిగి తెచ్చుకున్న మొక్క సరిగ్గా బతకదు. అడక్కుండా పట్టుకొచ్చిన మొక్క ఏపుగా పెరుగుతుంది. ఇచ్చినవాళ్ళకి థాంక్స్ చెప్పారా, ఇక అంతే, ఆ వారంలోనే తలవాల్చేస్తుంది. అందుకని దీనికో పద్ధతుంది. మీరు గోడ దగ్గర నిలబడి, "అబ్బ, ఎంత పూసిందండీ!" అంటారు. ఇంటావిడ మీ వంక ఒక చూపు చూసి, "అయ్యో, పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను," అని లోపలికెళ్తుంది. పొయ్యి మీద పాలేమీ ఉండవు. మీరు ఒక కొమ్మ విరిచి కొంగులో చుట్టుకుంటారు. ఆవిడ తిరిగొచ్చి కరెంటు బిల్లు గురించి మాట్లాడుతుంది. మీరూ కరెంటు బిల్లు గురించే మాట్లాడతారు. ఆ మొక్క ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తరు.

ఇందులో కులమతాల తేడా కూడా లేదు. మా పక్కింటి రూబీ టీచర్ లూథరన్ చర్చిలో సండే స్కూలు చెప్తారు. "దొంగిలవద్దని ఆజ్ఞ ఉంది కదండీ టీచర్‌గారూ," అని ఒకసారి అడిగాను. "ఉందమ్మా. పొరుగువాడి ఇల్లు, ఎద్దు, గాడిద ఆశించకూడదనీ ఉంది. మందారం మాట మాత్రం ఎక్కడా లేదు," అన్నారు.

ఇదంతా మా ఆయనకి చెప్పాను. "అది మూఢనమ్మకం దుర్గా. అడిగి తీసుకోవడం సంస్కారం. మనవాళ్ళకి వీలు లేక అడగడం లేదు. ఇప్పుడు వీలు కల్పించాం," అన్నారు. ఇక నేను పొయ్యి మీద పాలు పెట్టానని వెళ్ళిపోయాను.

సైట్ తెరిచాక ఫొటోలు మాత్రం తెగ వచ్చాయి. మా కాలనీలో ఇన్ని రకాల చామంతులున్నాయని నాకే తెలీదు. ఆయన రోజూ మిల్లు నుంచి రాగానే ఫోన్ తీసి, అభ్యర్థనలు ఎన్నొచ్చాయో చూసుకునేవారు. సున్నా. శ్రావణం వచ్చింది, ముసురు పట్టింది, కొమ్మలు నాటుకోడానికి అంతకన్నా మంచి అదను లేదు. అయినా సున్నాయే.

"ఎవరూ వాడట్లేదు దుర్గా," అన్నారు నీరసంగా.

ఎవరు చెప్పారు వాడట్లేదని! కాలనీ అంతా వాడుతోంది. పొద్దున్నే కళ్ళాపి చల్లడానికి బయటికి వస్తే చాలు, ఏ ఇంటి గోడ చూసినా మొక్కలు పలచబడుతున్నాయి. ఇదివరకు మన వీధిలో ఏముందో అంతవరకే మనకి తెలిసేది. ఇప్పుడు మ్యాపు పుణ్యమా అని, అవతలి చివర వీధిలో ఎవరింట్లో రెక్కనందివర్ధనం ఉందో, గేటుకి ఏ పక్కనుందో కూడా తెలుస్తోంది. పాపం ఆ ఇంటావిడకి మనం వస్తున్నట్టు తెలీదు. పాలు పెట్టొచ్చానని లోపలికెళ్ళే అవకాశం ఆవిడకి ఎవరూ ఇవ్వట్లేదు. పద్ధతిగా జరగాల్సింది నిజం దొంగతనం అయిపోయింది.

అందరికన్నా దెబ్బ తిన్నది అప్పాజీగారి మందారం. అప్పాజీగారు కాలనీ సంఘం అధ్యక్షులు. ఊరవతల పొలముంది, కమ్యూనిటీ హాలు తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది. వాళ్ళింటి ముందు ముద్దమందారం, పసుపురంగు పువ్వు, మధ్యలో బొట్టు పెట్టినట్టు ఎరుపు. దాని ఫొటో సైట్‌లో ఆయనే పెట్టారు, కింద ఒక మాట రాసి మరీ: "కడియం నర్సరీ నుంచి ప్రత్యేకంగా తెప్పించితిని. ఈ చుట్టుపక్కల మరెవ్వరి వద్దా లేదు." ఆ మాట రాయకుండా ఉంటే రెండు కొమ్మలైనా మిగిలేవి. శ్రావణ శుక్రవారాలు అయ్యేసరికి ఆ మొక్క తిరుపతి వెళ్ళొచ్చినట్టుంది. చిన్న పుల్ల ఒకటి నేనూ తెచ్చాననుకోండి. అందరూ తెచ్చుకుంటుంటే మనం ఊరుకుంటే బాగోదు కదా.

ఒక పొద్దున్నే అప్పాజీగారు మా గేటు దగ్గర నిలబడ్డారు. కాఫీ ఇస్తానంటే వద్దన్నారు. గోదావరి జిల్లా మనిషి కాఫీ వద్దన్నాడంటే విషయం గట్టిదే.

"ఏంటండీ సురేష్‌బాబుగారూ ఇది? మీరు పెట్టింది మొక్కల సైటా, దొంగలకి దారి చూపించే సైటా?"

"అప్పాజీగారూ, అందులో అభ్యర్థన పత్రం ఉందండి, కావాలంటే చూడండి..."

"పత్రం ఉందండీ. మొక్కే లేదు."

మా ఆయన గేటు గడియ తీసి, మళ్ళీ వేశారు.

"ఆదివారం హాల్లో మీటింగు పెడుతున్నానండి. ఆ సైటు మూసేస్తున్నామని మీరే లేచి చెప్పండి. నేను చెప్తే మీకు చిన్నతనంగా ఉంటుంది. మీ మీద గౌరవం కొద్దీ చెప్తున్నాను," అని వెళ్ళిపోయారు.

ఆ రోజు మా ఆయన పులుసు రెండోసారి వడ్డించుకోలేదు. నేను ఎగతాళి చేస్తానేమోనని ఒకటి రెండుసార్లు నా వంక చూశారు కూడా. చెయ్యలేదు. మనిషి కట్టుకున్న ఇల్లు కూలిపోతుంటే పక్కన నిలబడి పునాది గురించి ఉపన్యాసం చెప్పకూడదు. పోనీ, పునాది బాగానే ఉంది, తలుపే తప్పు వైపు పెట్టారు. తలుపు మార్చుకోవచ్చు కదా అనిపించింది.

మర్నాడు ఆయన మిల్లుకి వెళ్ళగానే కూర పొయ్యి మీద పడేసి, అటక మీద నుంచి మా అమ్మాయి వదిలేసిన పాత లాప్‌టాప్ దించాను. సైట్ మొత్తానికి ఒక నకలు తీసి అందులో పెట్టుకున్నాను. ఎన్ని తప్పులు చేసినా నకలే పాడవుతుంది. చాలానే పాడుచేశాను. చదువు మర్చిపోలేదు గానీ బాగా తుప్పు పట్టింది. ఒకచోట ఎటూ కదలకపోతే, ఆ మూట తయారుచేసినవాళ్ళు కబుర్లు చెప్పుకునే అరుగు నెట్‌లో ఉంది కదా, అక్కడికెళ్ళి నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను. ఫలానా బటన్ తీసేసి, పేరు చెప్పకుండా నొక్కే బటన్ పెట్టాలి, ఎలాగని. బెండకాయ వేపుడు దించేలోగా జవాబొచ్చింది. పేరు పలకడానికి కూడా రాని మనిషి, ఏ దేశమో తెలీదు.

"చెయ్యొచ్చు. కానీ తీసుకున్నవాళ్ళ పేరు దాచడం ఎందుకు?" అని అడిగాడు.

కాస్త మొహమాటపడుతూనే మా పద్ధతంతా రాశాను. పాల సంగతితో సహా.

ఈసారి వెంటనే జవాబు రాలేదు. నన్ను పిచ్చిదనుకున్నాడేమో అనుకున్నాను. తర్వాత చూస్తే ఏ లైను ఎక్కడ మార్చాలో అంతా రాసిపెట్టి, కింద ఇంకో మాట రాశాడు: "మా అమ్మమ్మ కూడా ఇదే చెప్పేది. ఆవిడ తోటలో మొక్కలన్నీ దొంగిలించినవే."

ఆ రోజు వేపుడు కాస్త మాడింది. ఫరవాలేదు.

నేను పెద్దగా ఏమీ మార్చలేదు. మ్యాపులో చుక్కలు ఇళ్ళ మీద నుంచి తీసి వీధి వరకే ఉంచాను. అభ్యర్థన పత్రం, దాంతోపాటు హృదయపూర్వక ధన్యవాదాలూ తీసేశాను. ఎవరి మొక్క కింద వాళ్ళే నింపుకోడానికి ఒక గడి పెట్టాను, "మేము చూడని వేళ" అని. దాని పక్కన ఒక బటన్, "అడక్కుండా పట్టుకెళ్ళండి." అది నొక్కితే ఇల్లెక్కడో ఆ ఒక్కరికే కనిపిస్తుంది, ఇంటివాళ్ళకి ఎవరో వస్తున్నారని మాత్రం తెలుస్తుంది. ఎవరన్నది తెలీదు. పట్టుకెళ్ళినవాళ్ళకి ఒకటే బాధ్యత. చిగురేశాక ఫొటో తీసి, పేరు లేకుండా, "బతికింది" అని పెట్టాలి. థాంక్స్ అని రాస్తే సైట్ తీసుకోదు. ఆ మాట రాయనివ్వకుండా చెయ్యడానికే నాకు ఎక్కువ టైం పట్టింది.

గురువారం మధ్యాహ్నం దాన్ని అసలు సైట్‌లోకి ఎక్కించేశాను. ఆయన పాస్‌వర్డ్ మా పెళ్ళిరోజు. ఆ తేదీ ఆయనకి గుర్తుండడానికి అదొక్కటే కారణం. ఎక్కించి, రూబీ టీచర్‌కి ఒక్క మాట చెప్పాను. మా కాలనీలో ఆవిడకి చెప్తే మైకులో చెప్పక్కర్లేదు.

సాయంత్రానికే గడులు నిండడం మొదలైంది. ఒకావిడ, "పది నుంచి పదకొండున్నర, సీరియల్స్ టైం. ప్రకటనలప్పుడు జాగ్రత్త," అని రాసింది. రూబీ టీచర్, "ఆదివారం ఆరాధన వేళ. పాస్టర్‌గారి ప్రసంగం పొడుగు, నిదానంగా రండి," అని రాశారు. అన్నిటికన్నా చిత్రం అప్పాజీగారి ఇల్లు. అప్పాజీగారి భార్య సంపూర్ణమ్మగారు వాళ్ళ సన్నజాజి తీగ ఫొటో పెట్టి కింద రాశారు: "రోజంతా చూడను. కళ్ళజోడు రిపేరుకిచ్చాను."

అప్పాజీగారు వచ్చి వెళ్ళాక సైట్ వంకే చూడని మా ఆయన, శనివారం రాత్రి భోజనాల దగ్గర ఫోన్ తెరిచారు. మూసేసే ముందు ఆఖరిసారి చూసుకుందామనుకున్నారు పాపం. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"దుర్గా! ఎవరో సైట్‌ని హ్యాక్ చేశారు!"

"నేనేనండి. పెరుగు వేసుకోండి."

"నా సైట్‌లో దొంగతనానికి బటన్ పెట్టావా? నా అభ్యర్థన పత్రం ఏదీ?"

"నకలు దాచానండి, పారెయ్యలేదు. అయినా ఈ మూటంతా ఎవర్ని అభ్యర్థించి తెచ్చుకున్నారేంటి మీరు?"

"అది వేరు! వాళ్ళే తీసుకోమని పెట్టారు."

"వీళ్ళూ పెట్టారుగా, చూడని వేళ రాసి మరీ."

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నారు. పడుకోబోయే ముందు గుమ్మంలో నిలబడి, "రేపు మీటింగయ్యాక ఎలాగూ మూసేస్తాను, అందుకని మార్చట్లేదు. అంతేగాని నువ్వు చేసింది ఒప్పని కాదు," అన్నారు. అయినా పక్క మీద పడుకుని, ఆ గడులన్నీ చదువుతూ ఒకసారి నవ్వారు. నేను నిద్రపోయాననుకున్నారు.

ఆదివారం చర్చి అయ్యాక, భోజనాలు కూడా అయ్యాక హాల్లో కూడారు. నేను ఆఖరి వరసలో రూబీ టీచర్ పక్కన కూర్చున్నాను. అప్పాజీగారు మైకు పట్టుకుని మందారం కథంతా చెప్పారు. కడియం నుంచి తేవడం, బిడ్డలా పెంచడం, ఇప్పుడు మోడై నిలబడడం. ఒక్కో కొమ్మ ఎక్కడుండేదో గాల్లో చేత్తో చూపించారు కూడా. నా పుల్ల గుర్తొచ్చి నేను ఫ్యాను వంక చూశాను. హాల్లో చాలామంది ఫ్యాను వంకే చూస్తున్నారు.

"సురేష్‌బాబుగారి కష్టం నాకు తెలుసండి. అంచేత ఒక దారి చెప్తున్నాను," అన్నారాయన. "మా మందారం పేజీ ఎవరెవరు తెరిచి చూశారో ఆ కంప్యూటర్‌కి తెలుస్తుందట కదా. ఆ పేర్లు ఇప్పుడు చదివేసి, వాళ్ళని సైట్‌లోంచి తీసేయమనండి. అభ్యర్థన పత్రం మళ్ళీ పెట్టమనండి. అప్పుడు సైట్ ఉంచుకోవచ్చు. నాకేం అభ్యంతరం లేదు."

మా ఆయన లేచారు. నాకు మొదటిసారి భయం వేసింది. ఆయన కోరుకున్నదంతా పళ్ళెంలో పెట్టి ఇస్తున్నారు. సైట్ ఉంటుంది, పత్రం ఉంటుంది, ఆయన మాటే నెగ్గుతుంది. పేర్లు చదివితే చాలు. రూబీ టీచర్ నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన ఫోన్‌లోకి చూశారు, హాలంతా ఒకసారి కలియజూశారు.

"పేర్లు చదవలేనండి," అన్నారు. "చదివితే సైట్‌లో మీరూ నేనూ మిగులుతాం. మా ఇంట్లో కూడా నేనొక్కణ్ణే మిగులుతాను."

హాలంతా గొల్లున నవ్వింది. అప్పాజీగారు మాత్రం నవ్వలేదు. "అయితే మూసేయండి. దొంగసొత్తు సంఘానికి నేను అధ్యక్షుడిగా ఉండను," అన్నారు.

అప్పుడు ముందు వరసలోంచి సంపూర్ణమ్మగారు లేచారు. ఆవిడ మీటింగుల్లో మాట్లాడడం ఎవరూ ఎరగరు.

"ఏవండీ, కడియం అంటున్నారు. కోరుకొండ వెళ్ళొచ్చిన రోజు, కొండ దిగి ఆటో ఎక్కబోతూ ఎవరింటి గోడ మీంచో విరిచారు కదండీ, ఆ కొమ్మేనా? వేరే ఇంకేదన్నా తెచ్చారా?"

అంత మర్యాదగా అడగడం నేనింతవరకు వినలేదు. అప్పాజీగారు మైకు మా ఆయన చేతిలో పెట్టి, మంచినీళ్ళ బాటిల్ మూత తియ్యడం మొదలుపెట్టారు. చాలాసేపు తీశారు.

"సరే," అన్నారు చివరికి, మొహం తుడుచుకుని. "ఆ సంగతి ఇంటిదగ్గర మాట్లాడుకుంటాం. ఇప్పుడు ఇది తేల్చండి. అడిగి తీసుకోవాలా, అడక్కుండానా? మొదట పత్రం పెట్టారు, ఇప్పుడు ఇంకోటి పెట్టారు. ఈ రెండింట్లో ఏది తప్పో చెప్పండి. మీ మాట మీదే సైట్ ఉంచడమో, తియ్యడమో."

మా ఆయన మైకు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. ఆ పత్రం కోసం ఆయన ఎన్ని ఆదివారాలు కూర్చున్నారో నాకు తెలుసు. మైకులోకి కాకుండా దాని పక్కకి ఏదో అన్నారు.

"ఏంటండీ?" అన్నారు ముందు వరసవాళ్ళు.

"ఇప్పుడున్నది మా ఆవిడ పెట్టిందండి. అదే ఉండాలి. మనవాళ్ళు పత్రం నింపి అడుగుతారనుకోవడం... పొరపాటు, నాది."

ముందు వరసలు చప్పట్లు కొట్టాయి. అప్పాజీగారు కూడా రెండు కొట్టారు. అంతటితో మా ఆయన కూర్చోబోతున్నారు.

"వెనక్కి వినపడలేదండీ!" అని అరిచాను.

ఆయన నన్ను చూశారు. నా పక్కన రూబీ టీచర్ కూడా చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. ఆయన మైకుని మూతికి ఆనించి, హాలు బయట ఆగి ఉన్న ధాన్యం లారీ డ్రైవరు కూడా తిరిగి చూసేలా చెప్పారు:

"తప్పు నాదండీ!"